విద్యుత్తు గడప దాటు చోట: నగర తనిఖీల కథ

పట్టణములో ఇల్లు కట్టదలచినవారు ముందుగా పటము గీయించి, పురపాలక సంఘమునకు సమర్పించి, అనుమతి పొందవలెనని అందరికిని తెలిసిన విషయమే. గోడ మందమెంత, వీధికి దూరమెంత, కిటికీలెన్ని అను సంగతులన్నియు ఆ పటములో కనబడును. కాని ఆ గోడల వెంట కంటికి కనబడకుండ ప్రవహించు విద్యుత్తు మాట యేమి? వీధి తీగె ఇంటిలోనికి వచ్చుచోట అమర్చిన మెయిన్ స్విచ్చియు, ఫ్యూజులును సరిగా నున్నవని ఎవరు నిర్ణయించవలెను? అమర్చిన పనివాడా? విద్యుత్తు అమ్ము కంపెనీయా? ఇంటి యజమానియా? లేక వీరెవ్వరును కాని మరియొకరా?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క దినములో లభించలేదు. మంటలు, మరణములు, బీమా సంఘముల నష్టములు, ఇంజనీర్ల వాదములు దాని వెనుక నున్నవి. ఈ కథ ప్రధానముగా అమెరికాలోని న్యూయార్కు నగరమునకు సంబంధించినది. విద్యుద్దీపముల వ్యాపారము మొట్టమొదట పెద్దయెత్తున సాగిన నగరములలో అది యొకటి కనుక, ప్రమాదములును, వాటికి విరుగుడులును అచ్చటనే త్వరగా బయటపడినవి.

సర్వీసు సామగ్రి యనగా నేమి?

వీధిలోని విద్యుద్వాహినికిని, భవనములోని తీగెలకును నడుమ నుండు సామగ్రిని 'సర్వీసు సామగ్రి' యని వ్యవహరించుదురు. ఇందులో ముఖ్యమైనవి మూడు. మొదటిది, భవనమునకంతటికిని ఒక్కసారిగా విద్యుత్తును ఆపివేయగల మెయిన్ స్విచ్చి. రెండవది, ప్రవాహము హద్దు మీరినప్పుడు తనంతట తానే వలయమును తెంచివేయు ఫ్యూజు లేక సర్క్యూట్ బ్రేకరు. మూడవది, భూమితో సంబంధము కలిగించు ఎర్తు తీగె. చిన్న ఇంటిలో ఇవన్నియు ఒక చెక్కపలక మీద ఇముడును. ఆకాశమునంటు భవనములో వీటికి ప్రత్యేకముగా ఒక పెద్ద గది కావలెను.

ఈ స్థానమునకు ఒక విశేషమున్నది. ఇంటిలోపల ఎక్కడ దోషము కలిగినను దాని కంటె ముందున్న ఫ్యూజు కాపాడును. కాని సర్వీసు సామగ్రిలోనే దోషము పుట్టినచో, దానికి ముందు కంపెనీవారి ట్రాన్స్‌ఫార్మరు తప్ప మరేమియు లేదు. వీధిలోని శక్తియంతయు ఆ దోషమునకే ఆహారమగును. అందుచేతనే భవనములోని విద్యుత్సామగ్రి నంతటిని పరీక్షించు అధికారి మొదట చూచునది ఈ గడప వద్దనే.

మొదటి దీపములు, మొదటి మంటలు

థామస్ ఎడిసన్ న్యూయార్కులోని పెర్ల్ వీధిలో స్థాపించిన విద్యుత్కేంద్రము 1882 సెప్టెంబరు 4వ తేదీన పనిచేయ నారంభించెను. సుమారు 110 వోల్టుల ఏకముఖ ప్రవాహమును అది వీధుల క్రింద పాతిన వాహకముల ద్వారా ఇరుగుపొరుగు భవనములకు పంపుచుండెను. అంతకు ముందే కొందరు ధనికులు తమ ఇండ్ల నేలమాళిగలలో సొంత యంత్రములను పెట్టుకొని దీపములు వెలిగించుకొనుట కారంభించిరి.

అట్టివారిలో విలియం వాండర్‌బిల్ట్ ఒకడు. ఆయన భవనములో మొదటిసారి దీపములు వెలిగించినప్పుడు జరిగిన సంగతిని ఎడిసనే తరువాత చెప్పెను. ఆ గోడలకు అంటించిన అలంకారపు కాగితములో సన్నని లోహపు పోగులుండెను. రెండు తీగెలు ఆ పోగులకు తగిలినవి. పోగులు ఎర్రగా కాలి గోడ అంటుకొన్నది. క్రిందనున్న యంత్రము నాపించుటతో మంట ఆగినది. కాని నేలమాళిగలో యంత్రమును, బాయిలరును ఉన్నవని తెలిసిన గృహిణి ఆ ఇంటిలో ఉండనని పట్టుపట్టెను. ప్రసిద్ధ ధనికుడు జె. పి. మోర్గన్ ఇంటిలో గూడ తీగెల దోషము వలన నిప్పు పుట్టి, గ్రంథాలయపు గదిలోని బల్లయు తివాచీయు కాలిపోయినవి.

ఇట్లెందుకు జరిగినదో ఉన్నత పాఠశాల విద్యార్థికి సులభముగా అర్థమగును. జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించిన సూత్రము ననుసరించి, తీగెలో పుట్టు ఉష్ణము ప్రవాహము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో నుండును. అనగా ప్రవాహము రెట్టింపయినచో ఉష్ణము నాలుగు రెట్లగును. పది రెట్లయినచో నూరు రెట్లగును. ఆనాటి దీపమొకటి సుమారు ముప్పాతిక ఆంపియరు మాత్రమే తీసికొనును. కాని రెండు తీగెలు ఒకదానికొకటి తగిలి, వలయపు నిరోధము ఒక ఓములో పదవ వంతునకు దిగినచో, 110 వోల్టుల వద్ద 1,100 ఆంపియర్లు ప్రవహించును. అట్టి ప్రవాహము ముందు సన్నని తీగె నిలువజాలదు.

ఎడిసన్ ఈ ప్రమాదమును ముందే గుర్తించెను. తీగె మార్గములో త్వరగా కరగిపోవు సన్నని ముక్కను చేర్చి, మిగిలిన తీగెను రక్షించు 'రక్షణ వాహకము'నకు 1880లోనే ఆయన పేటెంటు పొందెను. అదియే నేటి ఫ్యూజునకు పూర్వరూపము. ఐనను విరుగుడు కనిపెట్టుట వేరు. దానిని ప్రతి ఇంటిలో ప్రతి పనివాడు సరిగా అమర్చునట్లు చూచుట వేరు. మొదటిది విజ్ఞానశాస్త్రపు పని. రెండవది సమాజము చేయవలసిన పని.

బీమా సంఘములు ముందుకు వచ్చుట

ఆ పనికి మొదట పూనుకొన్నది ప్రభుత్వము కాదు. ఇండ్లు కాలినప్పుడు డబ్బు చెల్లించవలసిన బీమా సంఘములు. న్యూ ఇంగ్లండు ప్రాంతములోని నూలు మిల్లులలో ఆర్కు దీపములు పెట్టిన కొద్ది కాలమునకే, అట్టి మిల్లులు అరువదికి పైగా నుండగా వాటిలో 23 అగ్నిప్రమాదములు నమోదైనవి. మిల్లులలో దూది నలుసులు గాలిలో తేలుచుండును. ఆర్కు దీపము నుండి రాలు నిప్పురవ్వయే చాలును. బీమా సంఘముల పక్షమున ఈ సంగతులను పరిశీలించిన ఇంజనీరు సి. జె. హెచ్. వుడ్‌బరీ. దీపములను నిషేధించుట గాక, వాటిని సురక్షితముగా అమర్చు పద్ధతులను నిర్ణయించుటయే మార్గమని తేలినది.

న్యూయార్కులోని అగ్నిబీమా సంఘము 1881-82లో వెలువరించిన నియమములను ఈనాడు చదివినను ఆశ్చర్యము కలుగును. అవి ఎంతో క్లుప్తముగా నుండును. కాని తరువాతి శతాబ్దపు నియమములన్నిటికిని బీజములు వాటిలో నున్నవి. తీగెకు, లెక్క ప్రకారము అవసరమైన వాహకశక్తి కంటె సగము హెచ్చుగా నుండవలెను. దాని పైన రెండు పొరల బంధక పూత ఉండవలెను. మామూలు దీపముల తీగెల నడుమ రెండున్నర అంగుళములు, ఆర్కు దీపముల తీగెల నడుమ 8 అంగుళములు ఎడము ఉండవలెను. విద్యుత్తు బయటి నుండి భవనములోనికి వచ్చునట్లయినచో, ప్రవేశించు చోటనే దానిని ఆపివేయు సాధనమును అమర్చవలెను. మన మెయిన్ స్విచ్చి పుట్టుక ఈ చివరి వాక్యములోనే కలదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొక షరతు. దీపములు పెట్టుకొనగోరువాడు ముందుగా దరఖాస్తు పంపవలెను. అందులో దీపముల సంఖ్యయు, రకమును, కావలసిన విద్యుత్తునకు నిపుణుడు వేసిన అంచనాయు ఉండవలెను. వాడబోవు తీగె నుండి కనీసము మూడడుగుల ముక్కను నమూనాగా జతపరచవలెను. పని జరుగుటకు ముందే వివరములు చూచుట, లెక్క సరిచూచుట, వస్తువును పరీక్షించుట అను మూడు సూత్రములును ఇందులోనే యిమిడి యున్నవి. నేటి నగర కార్యాలయములలో వందల పుటల పత్రములతో జరుగు పరిశీలనకు మూలము ఆ మూడడుగుల తీగెముక్క యే.

ఇదే సమయమున లండనులో తంతి ఇంజనీర్ల సంఘము 1882 జూన్ 21వ తేదీన విద్యుద్దీపముల వలన కలుగు అగ్నిప్రమాదముల నివారణకు నియమములను ప్రకటించెను. అవి నాలుగు పుటలు మాత్రమే. సవరణలు పొందుచు, పెరుగుచు, ఆ నియమములు బ్రిటనులో నేటికిని వాడుకలో నున్నవి.

వస్తువును పరీక్షించువాడు

1893లో చికాగో నగరములో గొప్ప ప్రపంచ ప్రదర్శనము జరిగినది. కొలంబస్ అమెరికాకు చేరి నాలుగు వందల సంవత్సరములైన సందర్భమున ఏర్పాటు చేసిన ఆ ప్రదర్శనములో లెక్కకు మించిన విద్యుద్దీపములు వెలిగినవి. ఆ భవనములు మెరుపు కోసము తాత్కాలికముగా కట్టినవి, త్వరగా అంటుకొనునవి. అచ్చటి విద్యుత్సామగ్రిని పరిశీలించుటకు బీమా సంఘములు విలియం హెన్రీ మెరిల్ అను యువ ఇంజనీరును పంపినవి.

తీగెలను, స్విచ్చీలను చూచిన మెరిల్‌కు ఒక సంగతి స్పష్టమైనది. అమర్చిన పని చక్కగా నున్నను, అమర్చిన వస్తువే నాసిరకమైనచో తనిఖీ వలన ప్రయోజనము లేదు. స్విచ్చిని విప్పకుండ దాని లోపలి దోషము కనబడదు. ప్రతి ఇంటిలో ప్రతి స్విచ్చిని విప్పి చూచుట సాధ్యమును కాదు. కనుక కర్మాగారము నుండి బయటికి వచ్చుటకు ముందే ఆ రకపు వస్తువును ప్రయోగశాలలో కాల్చి, తడిపి, ఎక్కువ ప్రవాహము పంపి పరీక్షించవలెను. ఈ ఆలోచనతో ఆయన చికాగోలో ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అచ్చట మొదటి పరీక్ష 1894 మార్చి 24వ తేదీన జరిగినది. పరీక్షించిన వస్తువు నిప్పంటుకొనని బంధక పదార్థము. ఆ ప్రయోగశాలయే 1901లో 'అండర్‌రైటర్స్ లేబొరేటరీస్' అను సంస్థగా రూపొందినది.

అప్పటి నుండి తనిఖీ రెండు భాగములైనది. వస్తువు మంచిదా యను ప్రశ్నకు ప్రయోగశాల సమాధానము చెప్పును. ఆ వస్తువును తగిన చోట, తగిన విధముగా అమర్చినారా యను ప్రశ్నకు తనిఖీ అధికారి సమాధానము చెప్పును. మొదటి సమాధానము వస్తువు మీద ముద్ర రూపమున ఉండును. రెండవది పత్రము రూపమున ఉండును. ఒకటి ఉండి మరియొకటి లేనిచో భవనమునకు రక్షణ లేదు.

ఐదు నియమావళులు ఒకటైన విధము

1895 నాటికి అమెరికాలో ఒకదానితో నొకటి పొసగని ఐదు విద్యున్నియమావళులు వాడుకలో నుండెను. ఒక నగరములో సరియైన తీగె మరియొక నగరములో నిషిద్ధము. వస్తువులు చేయువారికిని, అమర్చువారికిని, పరిశీలించువారికిని ఇది తలనొప్పియైనది. 1896 మార్చిలో ఇంజనీర్లు, బీమా సంఘములవారు, విద్యుత్కంపెనీలవారు న్యూయార్కులో సమావేశమైరి. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రాన్సిస్ క్రాకర్ అధ్యక్షత వహించెను. వారు ఐదు అమెరికా నియమావళులనే గాక, జర్మను నియమములను, బ్రిటిషు నియమములను గూడ ముందుంచుకొని, ఒక్కొక్క దాని నుండి మేలైన భాగమును గ్రహించిరి. ఆ చిత్తుప్రతిని అమెరికాలోను, ఐరోపాలోను సుమారు 1,200 మందికి పంపి అభిప్రాయములు సేకరించిరి. దాని ఫలితమే 1897లో వెలువడిన జాతీయ విద్యున్నియమావళి. 1911 నుండి దాని భారమును అగ్నిప్రమాద నివారణ జాతీయ సంఘము వహించుచున్నది. దానిని మూడేండ్లకొకసారి సవరించుట వాడుక.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును గమనించవలెను. ఆ నియమావళి పేరు జాతీయమైనను, అది చట్టము కాదు. ఇంజనీర్ల సంఘము వ్రాసిన గ్రంథము మాత్రమే. ఒక రాష్ట్రము గాని, ఒక నగరము గాని దానిని తనదిగా స్వీకరించి, తన చట్టములో చేర్చినప్పుడే దానికి బలము కలుగును. శాస్త్రజ్ఞులు వ్రాసినదానికి ప్రజాప్రతినిధులు ప్రాణము పోయుదురన్నమాట.

నగరమునకు ఈ అధికార మెందుకు?

బీమా సంఘములు చక్కగా పనిచేయుచుండగా నగరము కల్పించుకొనవలసిన అవసరమేమని ఆనాడు కొందరు ప్రశ్నించియుండవచ్చును. దీనికి తగిన కారణములున్నవి.

బీమా చేయించుకొన్న భవనముల మీదనే బీమా సంఘమునకు అధికారము. బీమా చేయించుకొనని పేదల వాడలోని ఇంటిని అది చూడదు. కాని నిప్పు ఆ భేదమును పాటించదు. పక్క ఇంటిలో పుట్టిన మంట బీమా ఉన్న ఇంటిని గూడ కాల్చును. రెండవది, అగ్నిబీమా సంఘపు దృష్టి ఆస్తి మీద నుండును. తడిచేతితో స్విచ్చిని తాకి మరణించిన మనిషి వలన దానికి నష్టము లేదు. మూడవది, మహానగరములలో అధికసంఖ్యాకులు అద్దె ఇండ్లలో నివసించుదురు. సామగ్రికి డబ్బు పెట్టువాడు యజమాని. దాని నడుమ నిద్రించువాడు అద్దెదారు. ఖర్చు తగ్గించుకొను కోరిక ఒకరిది, ప్రాణభయము మరొకరిది. ఇద్దరి నడుమ ఎవరి లాభముతోను సంబంధము లేని మూడవ మనిషి నిలువవలెను.

1898లో ఐదు భాగములు కలిసి మహా న్యూయార్కు నగరము ఏర్పడినది. ఇరువదవ శతాబ్దపు తొలి దినములలోనే నీరు, గ్యాసు, విద్యుత్తు అను మూడు విషయములను చూచు నగరశాఖ యొకటి ఉండెను. భవనములలోని తీగెలను పరిశీలించుట దాని విధులలో నొకటి. కాలక్రమమున ఆ పని భవనముల శాఖకు చేరినది. నగరము చాలకాలము తన సొంత విద్యున్నియమావళినే పాటించెను. 2001లో చేసిన చట్టముతో జాతీయ నియమావళిని, తన అవసరములకు తగిన సవరణలతో స్వీకరించెను. 2003 జనవరి 1 నుండి అది అమలునకు వచ్చినది. 2011లో మరల నూతన ప్రతిని స్వీకరించెను.

నగరపు పద్ధతిలో రెండు మెట్లున్నవి. సామాన్యమైన పనికి, లైసెన్సు పొందిన ఎలక్ట్రీషియను దరఖాస్తు పెట్టి, పని ముగించి, ఇన్స్పెక్టరు తనిఖీకి సిద్ధముగా నుంచవలెను. పెద్ద పనికి ఇది చాలదు. 1000 కిలోవోల్ట్-ఆంపియర్లు గాని, అంతకు మించి గాని శక్తి గల సర్వీసు సామగ్రిని కొత్తగా అమర్చునప్పుడు, ముందుగా పటములను నగర కార్యాలయమునకు పంపి ఆమోదము పొందవలెను. ఈ 1000 అను హద్దు ఎందుకు? ఒక లెక్క చేసి చూతము.

ఒక చిన్న లెక్క

న్యూయార్కులోని సామాన్య భవనములకు మూడు ఫేజుల విద్యుత్తు 208 వోల్టుల వద్ద లభించును. 1000 కిలోవోల్ట్-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు పూర్తి భారముతో పనిచేయునప్పుడు ఒక్కొక్క ఫేజులో ప్రవహించునది ఎంత? 10,00,000ను 208 చేతను, 1.732 చేతను భాగించినచో సుమారు 2,776 ఆంపియర్లు వచ్చును.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కనే, సర్వీసు సామగ్రిలో మూడు ఫేజులును ఒకదానికొకటి తగిలినవనుకొనుడు. ప్రవాహమునకు అడ్డు తగులునది ట్రాన్స్‌ఫార్మరు లోపలి అవరోధము మాత్రమే. అది సాధారణముగా నూటికి 5.75 పాళ్లుండును. అనగా పూర్తి భారపు ప్రవాహమునకు 100/5.75 రెట్లు, సుమారు 17.4 రెట్లు ప్రవహించును. 2,776ను 17.4 చేత గుణించినచో 48,000 ఆంపియర్లు మించును. ఎన్నో ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే వలలో కలిసి పనిచేయు మన్‌హట్టన్ ప్రాంతములో ఇది లక్షకు మించుట గూడ కలదు.

ఈ ప్రవాహము వలన రెండు ఉత్పాతములు కలుగును. ఒకటి ఉష్ణము. రెండవది బలము. ప్రవాహము గల రెండు వాహకములు ఒకదానినొకటి ఆకర్షించును లేక వికర్షించునని మనము తరగతిలో చదువుకొన్నాము. రెంటిలోను అదే ప్రవాహము హెచ్చినప్పుడు ఆ బలము ప్రవాహ వర్గము ననుసరించి హెచ్చును. ప్రవాహము 17.4 రెట్లయినచో బలము సుమారు 300 రెట్లగును. గట్టిగా బిగించని రాగిపట్టీలు విల్లువలె వంగి ఊడిపోవును.

ఫ్యూజు ఉన్నది గదా యని మీరు అడుగవచ్చును. ఫ్యూజు మీద రెండు సంఖ్యలుండునని చాలమందికి తెలియదు. ఒకటి, అది సదా మోయగల ప్రవాహము. రెండవది, అది పగిలిపోకుండ తెంచగల గరిష్ఠ ప్రవాహము. 10,000 ఆంపియర్లను మాత్రమే తెంచగల సాధనమును, 48,000 ఆంపియర్లు రాగల చోట పెట్టినచో, అది కాపాడుటకు బదులు తానే ప్రేలును. పటమును పరిశీలించు అధికారి ఈ రెండవ సంఖ్యను వెదకును. మామూలు దినములలో ఈ లోపము ఎన్నటికిని బయటపడదు. ఇరువదేండ్లు దీపములు చక్కగా వెలుగుచునే యుండును. బయటపడు దినమున దిద్దుకొనుటకు సమయముండదు. అందుచేతనే దీనిని కాగితము మీద, పని జరుగుటకు ముందే పట్టుకొనవలెను.

ఫ్యూజునకు తెలియని మంట

నియమములు ఒక్కసారి వ్రాసి ముగించునవి కావు. క్రొత్త పద్ధతి వచ్చినప్పుడెల్ల క్రొత్త ప్రమాదము వచ్చును. ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున అమెరికాలో పెద్ద భవనములకు 208 వోల్టులకు బదులు 480 వోల్టుల విద్యుత్తు నిచ్చుట వ్యాపించినది. రాగి ఖర్చు తగ్గును. కాని అప్పుడు ఫేజునకును భూమికిని నడుమ వోల్టేజి 120 నుండి 277 అగును.

ప్రత్యావర్త ప్రవాహము ప్రతి అర్ధ ఆవర్తనమున ఒకసారి సున్నయగును. అప్పుడు ఆర్కు ఒక క్షణము ఆరును. 120 వోల్టుల వద్ద అది సాధారణముగా మరల వెలుగదు. తనంతట తానే చల్లారును. 277 వోల్టుల వద్ద మరల మరల రగులుకొనును. ఫేజునకును ఇనుప పెట్టెకును నడుమ రగిలిన అట్టి ఆర్కు 1,500 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొనుడు. మెయిన్ ఫ్యూజు 4,000 ఆంపియర్లది. దాని దృష్టిలో ఇది సామాన్య భారమే. అది కదలదు. ఆర్కు యొక్క ఉష్ణోగ్రత వేల డిగ్రీలు. రాగి 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. కొద్ది నిముషములలో స్విచ్చిబోర్డంతయు కరిగి ముద్దయగును. ఇట్టి నష్టములు పెక్కు జరిగినవి.

అందుచేత 1971 నాటి జాతీయ నియమావళిలో క్రొత్త నియమము చేరినది. భూమితో 150 వోల్టులకు మించిన తేడా గల ఇట్టి వ్యవస్థలలో, 1000 ఆంపియర్లు గాని అంతకు మించి గాని శక్తి గల సర్వీసు స్విచ్చికి, భూమికి పోవు ప్రవాహమును ప్రత్యేకముగా కనిపెట్టు సాధనముండవలెను. వెళ్లిన ప్రవాహము తిరిగి వచ్చిన ప్రవాహముతో సరిపోవుచున్నదా యని అది కూడి చూచును. తేడా కనబడినచో స్విచ్చిని తెరచును. ఎంత ప్రవాహము పోవుచున్నదను ప్రశ్నకు బదులు, ఎక్కడికి పోవుచున్నదను ప్రశ్న వేయుటయే దీనిలోని తెలివి.

నీరు చేసిన తనిఖీ

2012 అక్టోబరు 29వ తేదీ రాత్రి 'శాండీ' తుఫాను న్యూయార్కును తాకినది. మన్‌హట్టన్ దక్షిణపు కొన వద్ద సముద్రము సుమారు 14 అడుగుల యెత్తు లేచినది. ఆ ప్రాంతపు భవనములలో సర్వీసు గదులు చాలవరకు నేలమాళిగలలో నుండెను. వీధి క్రింది తీగెలు అచ్చటికే వచ్చును గనుక అది సహజము. కాని ఉప్పునీరు ఆ గదులను నింపివేసినది.

కొద్ది దినములలోనే కంపెనీవారు వీధులలో విద్యుత్తును పునరుద్ధరించిరి. ఐనను ఎన్నో భవనములు చీకటిలోనే ఉండిపోయినవి. కొన్ని వారముల తరబడి. వీధిలో విద్యుత్తున్నను ఇంటిలోనికి రాలేదు. ఏలననగా, ఉప్పునీటిలో మునిగిన స్విచ్చి ఆరినట్లు కనబడినను దాని బంధక భాగముల మీద ఉప్పు పొర నిలిచియుండును. తేమ తగిలినప్పుడు ఆ పొర విద్యుత్తునకు దారి యిచ్చును. లైసెన్సు గల ఎలక్ట్రీషియను సామగ్రిని పరీక్షించి, పాడైనదానిని మార్చి, ధ్రువపరచిన పిమ్మటనే విద్యుత్తును కలుపవలసి వచ్చినది. చలిలో, పై అంతస్తులలో, లిఫ్టులును నీరును లేక వృద్ధులు ఎన్నో బాధలు పడిరి. తనిఖీ ఆలస్యమగుచున్నదని జనులు విసుగుకొన్నారనిన ఆశ్చర్యము లేదు. వారి బాధ నిజము. తడిసిన స్విచ్చి వలన కలుగు మంటయు నిజమే. రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలసిన స్థితి రాకుండ చూచుటయే అసలైన వివేకము.

ఆ వివేకమునకు ఫలితముగా, వరద వచ్చు ప్రాంతములలో విద్యుత్సామగ్రిని వరదమట్టము కంటె ఎత్తున ఉంచు విషయమునకు నగరము పిమ్మట ఎక్కువ ప్రాధాన్యము నిచ్చినది. అంతవరకు సర్వీసు గదికి శత్రువు నిప్పు అని భావించినవారు, నీరు గూడ శత్రువేనని తెలిసికొనిరి.

మన దేశములో

మన దేశములో ఈ అధికారము పురపాలక సంఘములకు గాక రాష్ట్రప్రభుత్వములకు దక్కినది. బ్రిటిషు పద్ధతి ననుసరించి 1887, 1903, 1910 సంవత్సరములలో విద్యుచ్చట్టములు వచ్చినవి. 1910 నాటి చట్టము ప్రకారము ఎలక్ట్రికల్ ఇన్స్పెక్టర్లను ప్రభుత్వము నియమించుచుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1956లో సమగ్రమైన నియమములు ఏర్పడినవి. లైసెన్సు గల కాంట్రాక్టరే వైరింగు చేయవలెననియు, విద్యుత్తు కలుపుటకు ముందు బంధక నిరోధమును కొలువవలెననియు, హెచ్చు వోల్టేజి సామగ్రికి ఇన్స్పెక్టరు ఆమోదము కావలెననియు వాటి సారాంశము. 2003లో క్రొత్త విద్యుచ్చట్టము వచ్చినది. భద్రతా నియమములను కేంద్ర విద్యుత్ప్రాధికార సంస్థ 2010లోను, మరల 2023లోను ప్రకటించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ముఖ్య విద్యుత్తనిఖీ అధికారుల శాఖలు ఈ పనిని నిర్వహించుచున్నవి.

అధికారి రాష్ట్రమువాడైనను, నగరమువాడైనను సూత్రమొక్కటే. అమ్మువాడును, కొనువాడును, అమర్చువాడును కాని మనిషి యొకడు చూచి సంతకము చేయవలెను.

ఐతే ఆ సంతకము ఆ దినమునకు మాత్రమే సాక్షి. ఐదు దీపములకు, రెండు పంకాలకు తనిఖీ జరిగిన ఇంటిలో తరువాత రెండు శీతలయంత్రములు, ఒక నీటి మోటారు చేరును. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని విసుగుకొని, సన్నని తీగె స్థానమున లావు తీగెను చుట్టుదురు. ఆ క్షణముననే 1880 నుండి ఇప్పటివరకు మనము చెప్పుకొన్న చరిత్రయంతయు ఆ ఇంటిలో రద్దగును. ఫ్యూజు పోవుట దోషము కాదు. దోషమును తెలుపు వార్త. వార్త తెచ్చినవాని నోరు నొక్కినచో వార్త అబద్ధము కాదు.

ఉపాధ్యాయులు తమ పాఠశాలలోని మీటరు పలకను విద్యార్థులకు దూరము నుండి చూపవచ్చును. మూత తీయనవసరము లేదు, తీయరాదు. మెయిన్ స్విచ్చి ఎక్కడ నున్నది? ఆపదలో దానిని అందుకొనుటకు దారి ఖాళీగా నున్నదా, లేక విరిగిన బల్లలతో నిండియున్నదా? ఎర్తు తీగె భూమిలోనికి దిగినదా, లేక నడుమ తెగి వ్రేలాడుచున్నదా? వాననీరు ఆ గోడ మీద కారుచున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు పరికరము లేమియు అక్కరలేదు. వీటిలో ఏ ఒక్కదానికైనను సమాధానము తప్పుగా వచ్చినచో, ప్రధానోపాధ్యాయునికి తెలిపి, లైసెన్సు గల పనివానిని పిలిపించుట ఆ దినమే చేయదగిన పని.